అవ్వ మాట్లాడించిన బొమ్మలు

మా క్యూర్‌పైప్ ఊళ్ళో చలికాలం వచ్చిందంటే పొగమంచు తలుపు సందుల్లోంచి ఇంట్లోకి వచ్చేస్తుంది. ఆ ఆదివారం మధ్యాహ్నం నేను కంబళి కప్పుకుని కుర్చీలో ముడుచుకుని ఉంటే, మనవరాలు టీవీ పెట్టింది. నలుపు తెలుపు బొమ్మ, అందులో మాటల్లేవు. ఒక లావాటాయన, ఒక సన్నటాయన. లావాటాయన నిచ్చెన మీంచి జారి సున్నం బకెట్లో కూలబడ్డాడు. సన్నటాయన లేవదీయబోయి తనూ పడ్డాడు. ఇల్లంతా ఒకటే నవ్వు. మా కోడలు చేతులు తుడుచుకుంటూ వంటింట్లోంచి వచ్చి మరీ నవ్వింది.

నేను నవ్వలేదు. లావాటాయన జేబు వంకే చూస్తున్నాను.

అవ్వకి నచ్చలేదు అంది మనవరాలు. ఇక్కడి క్రియోల్ భాషలోనే అంది, అందులో ‘అవ్వ’ ఒక్కటే తెలుగు. నచ్చకేం, బాగానే ఉంది. కానీ ఆ జంటని నేను నమ్మను. ఆ మాటకొస్తే ఎవర్నీ అంత తేలిగ్గా నమ్మను. కూరలవాడు తూకం వేస్తుంటే త్రాసు ముల్లు చూస్తాను. డాక్టరు మందిస్తే సీసా మూత తీసి వాసన చూస్తాను. ముసలితనం వల్ల అనుమానం ఎక్కువైందని ఇంట్లోవాళ్ళు అనుకుంటారు. వాళ్ళకేం తెలుసు. నాకీ జబ్బు పదేళ్ళ వయసులోనే ముదిరిపోయింది. దానివల్ల ఒక సాయంత్రం ఏం జరిగిందో కళ్ళారా చూశాను. అయినా పోలేదు.

అప్పట్లో మేము బ్రిజే వెర్దియేర్ అనే ఊరి పక్కన ఒక చెరుకుతోట క్యాంపులో ఉండేవాళ్ళం. క్యాంపంటే రెండు వరసల గడ్డి ఇళ్ళు, మధ్యలో ఎర్రమట్టి, చివర అందరికీ కలిపి ఒక కుళాయి. ఇళ్ళ వెనకనుంచే చెరుకు మొదలయ్యేది. చెరుకు మధ్య మధ్యలో నల్లరాళ్ళ గుట్టలు. గానుగ మిల్లు నడిచే నెలల్లో బెల్లపు మడ్డి వాసన ఊరంతా కమ్ముకునేది. మొదటి వారం నోరూరేది, రెండో వారానికి కడుపులో తిప్పేది, ఆ తర్వాత అసలు తెలిసేది కాదు. మా జుట్టుకీ దుప్పట్లకీ అన్నానికీ కూడా అదే వాసన. దాన్ని అణచడానికేనేమో మా అవ్వ పొయ్యి మీద ఎప్పుడూ ఉప్పుచేప వేయించేది. ఎర్రగా కాల్చిన మిరపకాయలు, చింతపండు, పక్కన ఉడకబెట్టిన కర్రపెండలం దుంప. ఇప్పుడు నా పళ్ళకి దుంప ఒక్కటే పనికొస్తుంది, అదీ ఆ రుచిలో దొరకదు.

అవ్వ అంటే నాయనకి అమ్మ. విశాఖపట్నం అవతల ఏదో ఊరినుంచి పెళ్ళయిన కొత్తలో ఓడెక్కి వచ్చింది. మిరిచి దేశంలో, అంటే ఈ దీవిలో, రాయి తిప్పితే కింద బంగారం ఉంటుందని చెప్పి ఎక్కించారట. వచ్చినవాళ్ళ చేత తోటదొరలు నిజంగానే రాళ్ళు తిప్పించారు. “ముప్పయ్యేళ్ళు తిప్పినాను, కింద తేళ్ళు తప్ప ఏటీ లేవు” అనేది అవ్వ. అందుకని ఎవరేం చెప్పినా ఆమె మొదట ఒక ‘ఊఁ’ కొట్టి, తర్వాత “ఎందుకు సెప్తన్నాడో” అనేది. చెప్పిందేమిటన్నది రెండో సంగతి. ఎందుకు చెబుతున్నాడన్నదే అవ్వకి మొదటి సంగతి. నాకూ అదే వంటబట్టింది.

అవ్వకి ఒక రహస్యం ఉండేది, అది నాకొక్కదానికే తెలుసు. ఆమెకి చూపు మందగించింది. దగ్గరివి పసుపు పొగలా, దూరానివి నీడల్లా కనిపించేవి. బియ్యంలో రాళ్ళు నేనే ఏరేదాన్ని, సూదిలో దారం నేనే ఎక్కించేదాన్ని. ఎవరైనా ఎదురొస్తే నేను ముందే చెయ్యి నొక్కి ఫలానా అని గొణిగితే, ఆమె వాళ్ళని వరస పెట్టి పలకరించేది. చూపు పోయిందని తెలిస్తే అమ్మోరి పని ఇంకొకరికి ఇచ్చేస్తారని ఆమె భయం.

అమ్మోరి పని చిన్నది కాదు. మా అమ్మోరంటే తోట అంచున పెద్ద రాళ్ళ గుట్ట నీడన నిలబెట్టిన ఒక రాయి. దానికి ఏడాదికోసారి పండగ రోజున రెండు వెండి కళ్ళు పెట్టేవాళ్ళు. పసుపు ముద్దతో మెత్తి కళ్ళు అతికించడం, పండగయ్యాక ఆ ముద్దతో సహా ఊడదీసి గుడ్డలో చుట్టి పెట్టెలో పెట్టడం, రెండూ క్యాంపులో పెద్ద ముత్తైదువగా మొదలుపెట్టి అవ్వే చేస్తూ వచ్చింది. తాత పోయాక కూడా ఎవరూ ఆమెని కాదనలేదు. రాతి మీద మిగిలిన పసుపంతా గీకి ఉండలు చేసి, ఇంటికొకటి పంచేది. ఆ ఉండని గుడ్డముక్కలో కట్టి గుమ్మం పైన వేలాడదీసేవాళ్ళం. పాతవి తీసేవాళ్ళం కాదు, కొత్తది పక్కన చేరేది. మా గుమ్మం మీద అవి తేనెపట్టులా గుత్తిగా ఉండేవి.

కళ్ళ పెట్టె ఏడాదంతా పక్క ఊళ్ళో పూజారి ఇంట్లో ఉండేది. పండగ పొద్దున్న దాన్ని ఇద్దరు మగవాళ్ళు చెరో పిడీ పట్టుకుని మోసుకురావాలి. దారిలో నేల మీద దించకూడదు, ఒకరిని విడిచి ఒకరు పోకూడదు. ఎందుకు ఇద్దరని నేనడిగితే, ఒకడికి ఒకడు సాక్షి అని అవ్వ చెప్పింది. మా వాళ్ళు దేవుడి పనిలో కూడా మనిషిని నమ్మేవాళ్ళు కాదన్నమాట.

ఆ ఇద్దరూ ఎప్పుడూ మా నాయనా, పెదనాయనా. పెదనాయనంటే నాయనకి తోడబుట్టినవాడు కాదు. వీళ్ళ తండ్రులిద్దరూ ఒకే ఓడలో వచ్చారు. ఒకే ఓడలో వచ్చినవాళ్ళు అన్నదమ్ముల కింద లెక్క, వాళ్ళ పిల్లల మధ్య పెళ్ళిళ్ళు కూడా చేసేవాళ్ళు కాదు. నాయన చెరుకుగడలా సన్నంగా, పొడుగ్గా ఉండేవాడు. పెదనాయన గుండ్రంగా, పొట్టిగా, నడిస్తే పంచె ముందు వెళ్ళి తను వెనక వచ్చినట్టుండేవాడు. ఇద్దరూ కలిసి ఒకే ఎడ్లబండి తోలేవాళ్ళు. ఎద్దులకి దాణా పెట్టడంలో రోజూ పోట్లాడుకునేవాళ్ళు. సాయంత్రం బండి దిగాక ఒకే బొచ్చెలో చల్ది తాగేవాళ్ళు.

ఆ ఏడు పండగనాడు పెట్టె తెరిచేసరికి ఒక్క కన్నే ఉంది. రెండో గుడ్డమూట విప్పితే పొడి పసుపు రాలింది, అంతే.

ఎవరూ గొడవ చెయ్యలేదు. అదే ఇంకా భయమేసింది. రెండో కన్ను ఉండాల్సిన చోట అవ్వ ఇంత కుంకం అద్దింది. పాట ఆగలేదు, పానకం పంచారు. కానీ ఎవరి కళ్ళూ అమ్మోరి వైపు లేవు, అందరూ ఓరగా నాయన్నీ పెదనాయన్నీ చూస్తున్నారు. నేను ఎవరెవరు ఎక్కడున్నారో చూస్తున్నాను. అప్పుడే పెదనాయన రాళ్ళ గుట్ట వెనకనుంచి వచ్చాడు. కుడిచేతి గుప్పిట మూసి ఉంది. నన్ను చూసి ఉలిక్కిపడి ఆ చెయ్యి చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

ఆ మాట నేను ఇంటికెళ్ళాక అవ్వ చెవిలో వేశాను. ఎందుకు చెప్పానో ఇప్పటికీ పూర్తిగా తెలీదు. నేనే ముందు కనిపెట్టానన్న గొప్ప కొంత. అవ్వ నోరు ముయ్యమని తొడపాశం పెట్టింది. కానీ ఆ రాత్రి అన్నం సరిగ్గా తినలేదు.

ఆ తర్వాత క్యాంపులో రోజులు మారిపోయాయి. ఎవరి బట్టలు వాళ్ళు ఉతికి లోపలే ఆరేసుకునేవాళ్ళు. కుళాయి దగ్గర మాటలు సగంలో ఆగిపోయేవి. చివరింటివాళ్ళ ఎద్దు కాలు విరిగి చచ్చిపోయింది, ఇద్దరు పిల్లలకి జ్వరం తగిలింది. అమ్మోరు ఒంటికన్నుతో చూస్తోందనీ, దొంగ దొరికేదాకా ఇంతేననీ అందరి మనసులో మాట. పైకి మాత్రం ఎవరూ అనలేదు. పూజారిని అనుమానించినవాళ్ళు కూడా ఉన్నారు, వాళ్ళే ఆయనకి ముందుకంటే వంగి దండాలు పెట్టారు. నేనైతే ఒక్కొక్కరి మూటలూ జేబులూ కళ్ళతోనే తడుముతూ తిరిగాను.

చెరుకు కోతలు ముగిశాక తోటదొర కూలీలందరికీ ఊరికే ఏదో చూపిస్తాడని కబురొచ్చింది. తెల్లగుడ్డ మీద మనుషులు కదులుతారట. ఊరికే అనేసరికే క్యాంపు సగం వెనకాడింది. మా పెద్దవాళ్ళకి ఫొటో అంటేనే పడేది కాదు. ఓడ దిగిన రోజున చీటీ కోసం వాళ్ళని నిలబెట్టి ఫొటో తీశారు, ఆ చీటీ లేకుండా తోట గేటు దాటితే పోలీసులు పట్టుకునేవాళ్ళు. ఇప్పుడు ఫొటోలోని మనిషి నడుస్తాడంటే అది ఇంకెంతదూరం వెంటపడుతుందో అని ఒక తాత అన్నాడు. ఆయన నవ్వుతూ అనలేదు.

ఆ కదిలే బొమ్మలు చూపించే బొమ్మలాయన పోర్ట్ లూయీ పట్నం నుంచి టోపీ పెట్టుకుని వచ్చాడు. రైలు దిగిన ఆయన పెట్టెల్ని మోసుకొచ్చింది మా నాయనా, పెదనాయనా తోలే బండే. ఆయన దుకాణం అరుగు మీద కూర్చుని పప్పు వడల్లాంటి గాతో పిమాఁ తింటూ, గుడ్డ ఎక్కడ కట్టాలి, గుంజలెవరు పాతుతారు, క్యాంపులో ఎంతమంది ఉన్నారు అని అందర్నీ అడిగాడు. ఇది విని అవ్వ నిటారుగా కూర్చుంది.

ఎందుకంటే అవ్వకి ఇలాంటిది తెలుసు. వాళ్ళ ఊళ్ళో తోలుబొమ్మలాట ఆడేవాళ్ళు. తెల్లగుడ్డ, వెనక దీపం, దాని మీద రాముడూ రావణుడూ. మధ్యమధ్యలో ఇద్దరు హాస్యగాళ్ళు దూకేవాళ్ళు. ఆటవాళ్ళు పగలంతా ఊళ్ళో తిరిగి ఎవరింట్లో ఏం జరిగిందో వాకబు చేసుకునేవాళ్ళట. ఆటలో ఆ హాస్యగాళ్ళ నోటితో ఊరి గుట్టంతా బయటపెట్టేవాళ్ళు. మొహాన అనలేని మాట బొమ్మ అనొచ్చు, దానికి ఎవరూ కోపగించకూడదు. కానీ ఆ మాట తగిలినవాడు జవాబు చెప్పాలి. తెల్లారి తడిబట్టలతో దేవుడి ముందు కాదని ప్రమాణం చెయ్యాలి. చెయ్యకపోతే ఒప్పుకున్నట్టే. క్యాంపులో ఒక్కరైనా బొమ్మలాట చూసినవాళ్ళు లేరు. అందరూ అవ్వ చెప్పగా విన్నవాళ్ళే, కాబట్టి అవ్వ చెప్పిందే శాస్త్రం.

సందె వాలగానే మిల్లు పెరట్లో గోనెసంచులు పరుచుకుని కూర్చున్నాం. వెనక వరండాలో దొరలకి కుర్చీలు. రెండు గుంజల మధ్య గుడ్డ గాలికి పొట్ట ఉబ్బించుకుంటోంది. యంత్రం దీపం నుంచి కార్బైడు కంపు. నేనూ అవ్వా అందరికంటే ముందు, గుడ్డకి నాలుగడుగుల దూరంలో. అవ్వ లేచి గుడ్డకి పసుపు బొట్టు పెట్టింది. బొమ్మలాయన ఏదో అరిచాడు. ఆమె పట్టించుకోలేదు, తడుముకుంటూ వచ్చి నా పక్కన కూర్చుంది.

టకటకమని యంత్రం తిరిగింది. గుడ్డ మీద ఇద్దరు మనుషులు. ఒకడు లావు, ఒకడు సన్నం. రోడ్డు మీద ఒక పెద్ద పెట్టెని చెరో వైపు పట్టుకుని మోస్తున్నారు.

 ఎవరో వెనకనుంచి, ఓరి, మన బండోళ్ళే అన్నారు. అంతే, గొల్లుమన్నారు. పెదనాయన యంత్రానికి కాస్త ముందు, పక్కగా నిలబెట్టిన మా బండి కాడి మీద నాయన పక్కనే కూర్చుని, పొట్ట పట్టుకుని నవ్వాడు. నాయన కూడా నవ్వాడు. నెల రోజుల తర్వాత వాళ్ళని చూసి జనం నవ్వడం అదే మొదటిసారి.

కానీ బొమ్మలు నోరాడిస్తున్నాయి, మాట రావడం లేదు. అది మావాళ్ళకి మింగుడుపడలేదు. మాటలేని ఆట మాకు తెలీదు. అవ్వ నా చెయ్యి గట్టిగా పట్టుకుని ఏటి సేస్తన్నారే అని గొణిగింది. సన్నటోడు పెట్టె జారవిడిచాడనీ అది లావాటోడి కాలి మీద పడిందనీ నేను చెవిలో చెప్పాను. అవ్వ గొంతు సవరించుకుంది. అచ్చం పెదనాయన గొంతుతో, పెరడంతా వినపడేలా, “ఒరే తమ్మీ, పెట్టె సూసి పట్టు, నా పొట్ట అడ్డొస్తంది” అంది. వెంటనే నాయన గొంతుతో, “పొట్ట కాదన్నా, నీ బుర్ర అడ్డొస్తంది” అంది.

ఆ నవ్వు నేను మళ్ళీ జన్మలో వినలేదు. వరండాలో దొరలు కూడా ఎందుకో తెలీక నవ్వారు. నేను చెవిలో చెప్పడం, అవ్వ గొంతు మార్చి అనడం. వాళ్ళు గోడకి గుద్దుకున్నారు, మేకకి దారిచ్చి మురికికాలవలో పడ్డారు, పోలీసుని చూసి టోపీలు మార్చుకున్నారు. ఏ అత్తగారినీ ఏ కోడలినీ వదలకుండా అవ్వ ఒక్కొక్క చురక అంటించింది. చురక తగిలినవాళ్ళు కూడా మోకాళ్ళు కొట్టుకుని నవ్వారు. నా మాటకి ఇంతమంది నవ్వుతున్నారని నాకు తల తిరిగిపోయింది.

అప్పుడు బొమ్మలో వాళ్ళు పెట్టె దించారు. సన్నటోడు ఎటో వెళ్ళాడు. లావాటోడు అటూ ఇటూ చూశాడు.

పెట్టె తీసినాడవ్వా, అన్నాను. సెయ్యెట్టినాడు. ఏటో తీసి జేబులో యేసుకున్నాడు.

ఏటి యేసుకున్నాడని అవ్వ అడిగింది. ఆ గుడ్డ మీద అన్నీ తెల్లగానే మెరుస్తాయి, అది నాకు ఇప్పుడు తెలుసు. అప్పుడు గాలికి గుడ్డ వంకర తిరిగింది. నాకు కనపడింది ఒక తెల్లటి మచ్చ. “సిన్నది, ఎండిలాగ మెరిసినాది” అన్నాను.

అవ్వ నా చెయ్యి వదిలేసింది.  తర్వాత మెల్లగా, పెదనాయన గొంతుతోనే అంది.

“తమ్ముడు సూళ్ళేదు. అమ్మోరికి ఒక్క కన్ను సాల్లే.”

నవ్వు ఆగిపోయింది. టకటకమని యంత్రం ఒక్కటే. గుడ్డ మీద వాళ్ళిద్దరూ ఇంకా పడుతూ లేస్తూనే ఉన్నారు. పెదనాయన లేచి నిలబడ్డాడు. యంత్రం వెలుగు వీపు మీద పడి ఆయన నీడ, గుండ్రంగా, గుడ్డంతా పరుచుకుంది. ఆయన నాయన వైపు చూశాడు. ఒక్క మాట కోసం చూస్తున్నాడని పదేళ్ళ దాన్ని నాకే తెలిసింది. మేమిద్దరం కలిసే తెచ్చాం, ఒకర్నొకరం విడవలేదు అంటే చాలు. నాయన పక్కనే కట్టేసిన ఎద్దు గిట్టల వంక చూస్తూ కూర్చున్నాడు.

బొమ్మలాయన వెలుగుకి అడ్డం తప్పుకోమని అరిచాడు. పెదనాయన తువ్వాలు భుజాన వేసుకుని చెరుకు పక్కనుంచి ఇంటికి వెళ్ళిపోయాడు.

తెల్లారి అమ్మోరి రాయి దగ్గర పెద్దలు చేరారు. పెదనాయన కుళాయి కింద స్నానం చేసి తడిబట్టలతోనే వచ్చాడు. ప్రమాణం చేస్తాడని అందరం అనుకున్నాం. నేను ఆయన చేతి వంకే చూస్తున్నాను. ఆయన ప్రమాణం చెయ్యాలనీ ఉంది నాకు, చెయ్యకూడదనీ ఉంది. చేస్తే నేను చూసింది అబద్ధమవుతుంది కదా. ఆయన మళ్ళీ నాయన వైపు చూశాడు. నాయన మొహం బూడిదలా ఉంది. పెదనాయన చెయ్యి రాయి మీద పెట్టలేదు. నన్నేటీ అడగొద్దు, నా పేరే యేసుకోండి అన్నాడు. తడిబట్టలు నీళ్ళు కారుతుండగా వెనక్కి తిరిగాడు.

మూడో రోజున పెదనాయన వాళ్ళు ట్రియోలే ఊరికి వెళ్ళిపోయారు, పెద్దమ్మ అన్నగారి దగ్గరికి. సామాను పెద్ద రోడ్డు దాకా చేర్చింది మా బండే. నాయన ఒక వైపు, పెదనాయన ఒక వైపు నడిచారు. పోట్లాడుకోలేదు, మాట్లాడుకోలేదు. పెద్దమ్మ నాకు చేతిలో రెండు అరిసెలు పెట్టింది. నేను అవి తినకుండా పెరట్లో కాకులకి వేసేశాను. వాటిలో ఏమైనా కలిపిందేమో అనుకున్నాను. అలాంటి పిల్లని నేను.

ఆ తర్వాత క్యాంపులో జ్వరాలు తగ్గాయి. దొంగ పోయాడు, అమ్మోరు చల్లబడిందన్నారు. నాయన మాత్రం ఒక్కడే బండి తోలాడు, ఎవర్నీ జతకి పెట్టుకోలేదు. రెండేళ్ళకి అవ్వ పోయింది. చివరిరోజుల్లో కూడా చూపు సంగతి ఎవరికీ చెప్పలేదు, నన్ను కూడా చెప్పనివ్వలేదు.

అవ్వ పోయిన ఏడాదే పెద్ద తుఫాను వచ్చింది. ఇంటి కప్పు సగం లేచిపోయింది. గాలి తగ్గాక తలుపు తీస్తే, గుమ్మం మీది పసుపు మూటల గుత్తి బురదలో పడి ఉంది. అమ్మోరి ప్రసాదం తొక్కకూడదని నేను ఒక్కొక్కటీ ఏరి తొట్టిలో కడిగాను. ఒక మూట నీళ్ళలో కరిగి, నా అరచేతిలో పసుపంతా పోయి, గట్టిగా ఏదో మిగిలింది.

వెండి కన్ను. నా వైపే చూస్తోంది.

నాకు అంతా ఒక్కసారే అర్థమైంది, అర్థం కాకుండా ఉంటే బాగుండేది. కన్ను పోయిన పండగకి ముందటి ఏడు పండగకి నాకు పొంగు పోసి ఇంట్లో పడుకోబెట్టారు. అమ్మోరి కళ్ళు ఊడదీసేటప్పుడు అవ్వ పక్కన నేను లేను. ఆమె తడుముకుని రెండు పసుపు ముద్దలు మూటలు కట్టి పెట్టెలో పెట్టింది. అందులో ఒకటి ఉత్త పసుపు. కన్ను ఉన్న ముద్ద ఇళ్ళకి పంచే ఉండల్లో కలిసిపోయి, మా గుమ్మం మీదే మూడేళ్ళకి పైగా వేలాడింది. నేను పూజారిని అనుమానించాను, పెదనాయన్ని అనుమానించాను, అరిసెల్ని అనుమానించాను. అవ్వకి కళ్ళు కనపడవని తెలిసిన ఒక్కదాన్నీ నేనే. ఆమె వైపు మాత్రం నా అనుమానం మళ్ళలేదు.

అవ్వ చూపు సంగతితో సహా నాయనకి అంతా చెప్పాను. నాయన కన్ను చేతిలోకి తీసుకుని చాలాసేపు గుమ్మంలో కూర్చున్నాడు. ఏడుస్తాడనుకున్నాను. లేచి, నీళ్ళు పోసుకుని, పద అన్నాడు.

ట్రియోలేకి కొంత దూరం బండి, కొంత రైలు, మిగతాది నడక. పెదనాయన ఇంటి ముందు మిరప మొక్కలకి పాదులు తీస్తున్నాడు. చిక్కిపోయాడు, పొట్ట లేదు. మమ్మల్ని చూసి పార కింద పెట్టాడు గానీ రమ్మనలేదు. పెద్దమ్మ చెంబుతో నీళ్ళు తెచ్చి గుమ్మంలోనే నిలబడింది. నాయన జేబులోంచి ఆకులో చుట్టిన కన్ను తీసి అరుగు మీద పెట్టాడు.

“ఎక్కడ దొరికినాది?” అన్నాడు పెదనాయన.

“మా గుమ్మం మీద. పసుపు ఉండలో. అమ్మకి సూపు ఆనక అందులో కలిసిపోనాది.”

పెదనాయన కన్నుని చూశాడు, నాయన్ని చూశాడు. అరుగు మీద కూర్చున్నాడు.

“అయితే నువ్వు తియ్యలేదా?”

“నానా? నువ్వు తీసినావనుకున్నా గదన్నా,” అన్నాడు నాయన.

అప్పుడు బయటపడింది అసలు సంగతి. పండగ పొద్దున్న పెట్టె మోసుకొస్తూ దారిలో పెదనాయన కడుపు ఉగ్గబట్టలేక పక్కనున్న ఒక రాళ్ళ గుట్ట చాటుకి పరిగెత్తాడు. పెట్టె నాయన చేతుల్లో ఉంది. మరి కాస్త దూరం వచ్చాక నాయన పంచె ఊడింది. రెండు చేతులూ పెట్టెకున్నాయి మరి, పెదనాయనకి అప్పగించి చెరుకులోకి దూరి కట్టుకుని వచ్చాడు. విడవకూడదన్న కట్టు ఇద్దరూ తప్పారు, సిగ్గుపడి ఎవరికీ చెప్పలేదు. కన్ను పోయిందనగానే ఒక్కొక్కడికీ రెండోవాడు పెట్టెతో ఒంటరిగా ఉన్న నిమిషం గుర్తొచ్చింది.

“పెమాణం సేస్తే, నాను కాదంటే, మరింక మిగిలింది నువ్వే కదరా,” అన్నాడు పెదనాయన. “అందుకే సెయ్యలేదు.”

“నాను నోరిప్పితే నువ్వు ఒక్కడివే ఉన్న సంగతి సెప్పాల గదన్నా,” అన్నాడు నాయన. “అందుకే ఇప్పలేదు.”

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ముందు పెదనాయనకే నవ్వొచ్చింది. పంచె ఊడిందా అన్నాడు. నీ కడుపు మాటేటి అన్నాడు నాయన. ఇద్దరూ అరుగు మీద పడి దొర్లి నవ్వారు. పెద్దమ్మ తాగారేమోనని దగ్గరికొచ్చి వాసన చూసింది. నేను నవ్వలేకపోయాను. పెదనాయన కాళ్ళ దగ్గర కూర్చుని, గుప్పిట సంగతి అవ్వకి చెప్పింది నేనే అన్నాను, బొమ్మలో జేబు సంగతి కూడా నేనే చెప్పానన్నాను.

పెదనాయన నవ్వు తగ్గించి, పెద్దమ్మ అటు తిరిగేదాకా ఆగి, జేబులోంచి చిన్న రేకు డబ్బా తీసి గుప్పిట్లో చూపించాడు. ముక్కుపొడుం. పండగ ఉపవాసాల్లో పొడుం ముట్టనని పెద్దమ్మకి ఒట్టేశాడట. నా తల మీద చెయ్యి వేశాడు. తిడితే బాగుండేది.

ఇంక లేవాల్సిన వేళయింది. క్యాంపుకి తిరిగి రమ్మని నాయన అడగలేదు, పెదనాయన వస్తాననలేదు. ఇక్కడ తోట వేసుకున్నాడు, పిల్లలు ఇక్కడి బడికి పోతున్నారు, పోయినవి పోయాయి. రోడ్డు దాకా సాగనంపి అప్పుడు అడిగాడు.

“బండి నీతో ఎవులు తోల్తన్నారురా?”

“ఎవులూ లేరన్నా. ఒక్కడ్నే.”

పెదనాయన తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. ఎండ కూడా లేదు ఆవేళ.

కన్ను మళ్ళీ అమ్మోరికి పెట్టారు. పెదనాయన తప్పు లేదని నాయన కుళాయి దగ్గర నిలబడి అందరికీ చెప్పాడు. విన్నారు. కొందరు మాత్రం మా గుమ్మం మీద ఎందుకు దొరికిందా అని ఆలోచించారు. వాళ్ళ మొహాల్లో అది నాకు కనపడింది. వాళ్ళని తప్పు పట్టను, నేనైనా అదే అనుకునేదాన్ని.

ఇప్పుడు ఆ క్యాంపు లేదు. ఎడ్లబండ్లు లేవు, గడ్డి ఇళ్ళు లేవు, ఆ తెలుగు లేదు. టీవీలో మాత్రం ఆ ఇద్దరూ ఇంకా పడుతూనే ఉన్నారు. ఇది ఆనాటి బొమ్మ కాదు, ఇందులో పెట్టె లేదు, ఉన్నదల్లా నిచ్చెనా సున్నమూనే. అయినా నేను లావాటాయన జేబు చూస్తూనే ఉన్నాను. ఆయన అందులోంచి చేతిరుమాలు తీసి సన్నటాయన మొహం మీది సున్నం తుడిచాడు.

మనవరాలు నా కుర్చీ చేతి మీదికెక్కి కూర్చుని, వాళ్ళేమనుకుంటున్నారు అవ్వా అంది.

నాకు తెలీదని చెప్పబోయాను. నాకు కనపడినదాన్ని మాటల్లో పెట్టి ఎవరికీ చెప్పకూడదని ఎప్పుడో ఒట్టేసుకున్నాను. కానీ పిల్ల నా మొహంలోకే చూస్తోంది. గొంతు సవరించుకున్నాను. ఇన్నేళ్ళ తర్వాత, పెదనాయన గొంతు దానంతట అదే వచ్చింది.

“నువ్వు తియ్యలేదని నాకు తెల్సురా తమ్మీ,” అన్నాను. “లే, బండి కట్టు.”